సీడీ3 ఎక్కడికి పోయింది? ఒక టి కణాల డైరీ

జనవరి 5

మేడమ్ అప్పగించిన పని వినడానికి చిన్నదే. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోంచి టి కణాలను, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలను, తీయాలి, వాటిని నిద్ర లేపాలి, లేచిన కణం పైపొర మీద ఏ గ్రాహకం (బయటి కబురు అందుకునే ప్రోటీన్) ఎప్పుడు కనిపిస్తుందో గంటల లెక్కన రాసిపెట్టాలి. 0, 4, 24, 48, 72 గంటలు. ముగ్గురు దాతలు. తర్వాత ఈ ల్యాబులో రోగుల నమూనాల మీద పని మొదలవుతుంది కాబట్టి, పోల్చుకోవడానికి ఆరోగ్యవంతుల కొలతలు ముందే చేతిలో ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఫిబ్రవరి మధ్యకల్లా ముగించవచ్చని నా అంచనా.

కణాలను లేపడానికి వాడేది ఓకేటీ3 అనే యాంటీబాడీ. శత్రువును గుర్తుపట్టే గ్రాహకం టి కణం పైపొర మీదే ఉంటుంది గానీ, లోపలికి దిగిన దాని తోక మరీ పొట్టిది. కబురు లోపలికి మోసే శక్తి దానికి లేదు. ఆ మోత పని పక్కనే అంటుకుని ఉండే సీడీ3 గొలుసులది: గామా, డెల్టా, ఎప్సిలాన్, జీటా. వాటి తోకల మీద ఇటామ్ అనే గుర్తులు మొత్తం పది ఉంటాయి. ఎల్‌సీకే అనే ఎంజైము వచ్చి అక్కడ ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఆ ఫాస్ఫేటు మీద జాప్-70 అనే మరో ఎంజైము వచ్చి కూర్చుంటుంది, చూస్తుండగానే కణంలో కాల్షియం పొంగుతుంది. ఓకేటీ3 నేరుగా ఎప్సిలాన్ గొలుసును పట్టుకుని గ్రాహకాలను ఒకచోటికి లాగుతుంది. శత్రువు లేకుండానే కణం ఉలిక్కిపడి లేస్తుంది.

1986లో అమెరికాలో మందుగా అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ కూడా ఇదే. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా, అంటే టి కణాలను అణచడానికి వాడేవారు. అణచడానికి పనికొచ్చినది లేపడానికీ పనికొస్తుందట. పుస్తకంలో పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకు వెళ్ళాను.

జనవరి 8

నిన్న సాయంత్రం 96 వెల్స్, అంటే చిన్న చిన్న గుంటలు, ఉన్న ప్లేటుకు పూత పెట్టాను. మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల ఓకేటీ3, వెల్‌కు 50 మైక్రోలీటర్లు, రాత్రంతా ఫ్రిజ్‌లో. యాంటీబాడీ ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. కొన్ని వెల్స్‌కు పూత పెట్టలేదు. వాటిలో అదే యాంటీబాడీని ద్రవంలో కలిపి పోస్తాను. కొన్నింటిలో అసలేమీ ఉండదు.

ఈ ఉదయం మొదటి దాత, పై అంతస్తు ల్యాబు తమ్ముడు, 20 మిల్లీలీటర్లు ఇచ్చాడు. రక్తాన్ని అంతే కొలత ఉప్పుద్రావణంతో పలచన చేసి ఫైకాల్ అనే ద్రవం మీద పేర్చాలి. ఈ పనిలో నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. ట్యూబును బాగా వాల్చి, పిపెట్ మొనను గోడకు ఆనించి, రక్తం సన్నటి ధారగా జారేలా వదలాలి. చెయ్యి వణికిందా, రెండూ కలిసిపోతాయి. సరిగా పడితే కింద నీళ్ళలాంటి ఫైకాల్, పైన ఎర్రటి రక్తం, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. 400 జి వేగంతో అరగంట తిప్పాలి, ఆగేటప్పుడు బ్రేకు వేయకూడదు. సెంట్రిఫ్యూజ్ దానంతట అది నెమ్మదించే ఆ పది నిమిషాలు తరగవు. మూత తెరిచేసరికి ఎర్రకణాలు అడుగున, పసుపు ప్లాస్మా పైన, ఆ రెంటికీ నడుమ పాలమీగడ తెట్టులాంటి పలుచని తెల్లటి పొర. మనకు కావలసిన కణాలు అందులో ఉన్నాయి.

కడిగి, నీలి రంగు కలిపి లెక్కపెట్టాను. మొత్తం 2.2 కోట్ల కణాలు, బతికినవి 96 శాతం. వెల్‌కు రెండు లక్షల చొప్పున పోసి సాయంత్రం ఐదుకు ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఐదుకు మొదలుపెడితే నాలుగు గంటల కొలత రాత్రి తొమ్మిదికి వస్తుందన్న లెక్క ముందే వేసుకోవలసింది. హాస్టల్ మెస్సులో అన్నం అయిపోయింది.

జనవరి 9

నిన్న రాత్రి తొమ్మిదికి తీసిన కొలత బాగుంది. సీడీ69 అనే గ్రాహకం లేచింది. ఉద్దీపన అందిన కణం మీద అందరికంటే ముందు కనిపించేది ఇదే, రెండు మూడు గంటల్లోనే మొదలవుతుంది. సీడీ25 ఇంకా లేదు, ఉండకూడదు కూడా. అది తీరిగ్గా వస్తుంది.

సాయంత్రం సూక్ష్మదర్శినిలో చూస్తే పూత పెట్టిన వెల్స్‌లో కణాలు గుత్తులు కట్టి ఉన్నాయి, బూందీ లడ్డూల్లా. ఏమీ వేయని వెల్స్‌లో విడివిడిగా, చల్లిన ఆవాల్లా. సంతోషంగా సైటోమీటర్ దగ్గరికి, అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి మీది రంగు వెలుగును కొలిచే యంత్రం దగ్గరికి, వెళ్ళాను.

నా పద్ధతి ఇది: మొదట మృతకణాలను పక్కకు తీసేయాలి, సీడీ3ను పట్టుకునే రంగు యాంటీబాడీతో వెలిగిన కణాలను టి కణాలుగా ఎంచుకోవాలి, వాటిలో సీడీ69, సీడీ25 ఎన్నింటి మీద ఉన్నాయో చూడాలి. ఏమీ వేయని వెల్‌లో సీడీ3 గుంపు చక్కగా కుడివైపు నిలబడింది. ద్రవంలో ఓకేటీ3 వేసిన వెల్‌లో ఆ గుంపు లేదు. తగ్గడం కాదు, లేదు. పూత పెట్టిన వెల్‌లో ఉంది గానీ, ఎడమవైపుకు జారి నీరసంగా ఉంది.

టి కణాలన్నీ చచ్చిపోయాయని రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను, ఎందుకంటే మృతకణాల రంగు పట్టినవి కొద్దిపాటే. మరి బతికున్న ఈ కణాలు ఏమిటి?

జనవరి 11

48, 72 గంటల కొలతలు అయ్యాయి. అదే కథ. రంగు పాడైందేమోనని కొత్త సీసా తెరిచాను. లేజర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని యంత్రం చూసుకునే టెక్నీషియన్ గారిని రెండుసార్లు విసిగించాను. ఆయన యంత్రాన్ని సరిచూసే రంగు పూసలు నడిపి చూపించి, "యంత్రం బాగానే ఉందండీ, మీ ట్యూబే చూసుకోండి" అన్నారు. నిజమే.

ఇందులో నా తప్పు ఒకటి దొరికింది. లేచిన టి కణం ఉబ్బుతుంది. నిద్రలో ఉన్న కణం అడ్డుకొలత సుమారు 7 మైక్రాన్లు. లేచాక బాగా పెద్దదవుతుంది. ఏ కణాలను లెక్కలోకి తీసుకోవాలో చెప్పడానికి గ్రాఫు మీద నేను గీసిన గీత చిన్న కణాలకు మాత్రమే సరిపోయింది, పెద్దవన్నీ బయట ఉండిపోయాయి. గీత పెద్దది చేస్తే కణాల సంఖ్య పెరిగింది. సీడీ3 మాత్రం రాలేదు.

జనవరి 12

మా సీనియర్‌ను ల్యాబులో అందరం అక్కా అనే పిలుస్తాం. పండక్కి ఊరు వెళ్ళే బస్సు తొందరలో ఉంది. నా గ్రాఫులను అరనిమిషం చూసి అడిగింది: "దేనితో లేపావు?"

"ఓకేటీ3తో అక్కా."

"దేనితో చూశావు?"

"యూసీహెచ్‌టీ1 రంగు యాంటీబాడీతో. అది వేరే క్లోను కదా, వేరే కణాల వంశం చేసినది."

"క్లోను వేరే. కూర్చునే చోటు?"

బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. జవాబు నేనే వెతుక్కోవాలి కాబోలు. సాయంత్రం దాకా చదివితే తేలింది: రెండూ ఎప్సిలాన్ గొలుసునే పట్టుకుంటాయి, అదీ దాదాపు ఒకే చోట. ఒకటి కూర్చుంటే రెండోదానికి జాగా ఉండదు. మనిషి కూర్చున్న కుర్చీని ఖాళీగా ఉందా అని తడిమి చూసి, కుర్చీయే లేదని రాసుకున్నాను.

అయితే ఇది సగం జవాబే. పూత పెట్టిన వెల్స్‌లో ఓకేటీ3 ప్లాస్టిక్‌కు అంటుకుని ఉంది. కణాలను పైకి తీశాక అది చాలావరకు ప్లేటులోనే ఉండిపోవాలి. మరి అక్కడ కూడా సీడీ3 ఎందుకు తగ్గింది?

జనవరి 17

భోగి నుంచి కనుమ దాకా ల్యాబు ఖాళీ. దాతలు కూడా ఊళ్ళకు వెళ్ళారు. అరిసెల డబ్బాతో తిరిగి వచ్చాను. దారిపొడవునా ఆలోచించి ఒక ప్రయోగం గీసుకున్నాను.

సీడీ3 కనిపించకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, పైన ఉంది గానీ కప్పబడి ఉంది. రెండు, కణం దాన్ని లోపలికి మింగేసింది. ఈ రెంటినీ విడదీయాలంటే కణం మింగకుండా ఆపాలి. దానికి మంచుగడ్డ చాలు. చల్లదనానికి పైపొర గడ్డకట్టిన నెయ్యిలా బిగుసుకుంటుంది, గ్రాహకాలను లోపలికి లాక్కోలేదు. రంగు వేసే పనంతా మంచు మీదే చేయమని ప్రతి ప్రోటోకాలులోనూ రాసేది ఇందుకే. నాలుగేళ్లుగా మంచు మీద చేస్తూనే ఉన్నాను, ఎందుకో ఒక్కసారి కూడా అడగలేదు.

జనవరి 20

రెండో దాత. కణాలను మూడు భాగాలు చేశాను. మొదటిదానికి ఏమీ వేయలేదు. రెండోదానికి మంచు మీద అరగంట ఓకేటీ3. మూడోదానికి అదే, కానీ కడిగాక 37 డిగ్రీల దగ్గర గంటసేపు. టి కణాలను ఎంచుకోవడానికి ఈసారి సీడీ3ను నమ్మలేదు. టి కణాల రెండు ముఖ్య రకాలకు గుర్తులైన సీడీ4, సీడీ8 ప్రకాశవంతంగా ఉన్న కణాలను తీసుకున్నాను.

మంచు మీది గొట్టంలో సీడీ4, సీడీ8 కణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీద యూసీహెచ్‌టీ1 వెలుగు మాత్రం రంగు వేయని కణాల దాకా దిగిపోయింది. మంచు మీద మింగడం లేదు కాబట్టి ఇది కచ్చితంగా కప్పేయడమే. మొదటి కారణం రుజువైంది.

మూడో గొట్టం ఏమీ చెప్పలేదు. రెండోదానిలాగే చీకటి. కప్పినా చీకటే, మింగినా చీకటే. ఈ కంటితో రెంటికీ తేడా తెలియదు.

జనవరి 23

కాబట్టి ఓకేటీ3నే వెతకాలి. అది ఎలుక యాంటీబాడీ. ఎలుక యాంటీబాడీని పట్టుకునే ఇంకో రంగు యాంటీబాడీ వేస్తే, పైన ఎంత ఓకేటీ3 మిగిలిందో తెలుస్తుంది.

ఉత్సాహంలో అన్నీ కలిపి ఒకేసారి వేశాను. ప్రతి కణమూ దీపావళిలా వెలిగింది, ఓకేటీ3 వేయనివి కూడా. నా సీడీ4, సీడీ8 యాంటీబాడీలు సైతం ఎలుకవేనన్న మాట మరిచిపోయాను. రెండో యాంటీబాడీ వాటన్నిటినీ కౌగిలించుకుంది. ఒక పూట, ఒక దాత రక్తం వృథా. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

జనవరి 24

మళ్ళీ. ఈసారి రెండో యాంటీబాడీ, మృతకణాల రంగు మాత్రమే. మనిషి యాంటీబాడీలను పట్టుకోకుండా ముందే వడగట్టిన రకం తీసుకున్నాను, లేకపోతే పైన మనిషి యాంటీబాడీలు మోసే బి కణాలు వెలుగుతాయి. మోనోసైట్లనే పెద్ద తెల్లకణాలను పరిమాణాన్ని బట్టి పక్కన పెట్టాను. వాటి పైనున్న ఎఫ్‌సీ గ్రాహకాలు ఓకేటీ3 తోకను పట్టుకుంటాయి.

మంచు మీది కణాల మీద వెలుగు బలంగా ఉంది. 37 డిగ్రీల గొట్టంలో గంట గడిచేసరికి దాదాపు సగానికి పడిపోయింది. యాంటీబాడీని, దానితోపాటు గ్రాహకాన్ని, కణం లోపలికి లాక్కుంటోంది. ఇంక్యుబేటర్‌లో మిగిలి ఉన్న పూత వెల్స్‌ను కూడా చూశాను. వాటి కణాల మీద ఓకేటీ3 వెలుగు చాలా తక్కువ, అంటే కుర్చీలు పెద్దగా కప్పబడి లేవు. అయినా సీడీ3 తక్కువ. అక్కడ జరిగింది మింగడమే.

అక్క చూసి, "1995లో ఇదే కదా లెక్కపెట్టారు" అని ఒక పేపరు చేతిలో పెట్టింది. టి కణం మీద గ్రాహకాలు సుమారు 30 వేలు ఉంటాయి, ఎదుటి కణం మీద వాటికి సరిపోయే శత్రువు ముక్కలు వందకు మించకపోవచ్చు. అంత కొద్ది ముక్కలతో కణం ఎలా లేస్తుంది? వాలిటుట్టి, లాంజవెక్కియా బృందం తగ్గిపోయిన గ్రాహకాలనే లెక్కపెట్టింది. వంద ముక్కలు దాదాపు 18 వేల గ్రాహకాలను మాయం చేశాయి. అంటే ఒక్కో ముక్క గ్రాహకాల మీదికి ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్ళి, తట్టి, వదిలి, ఇంకోదాన్ని తడుతోంది. నేను రంగు సీసాను తిట్టుకున్న ఆ మాయమే వాళ్ళ కొలబద్ద.

జనవరి 5 పేజీలోని ప్రశ్నార్థకం దగ్గరికి వెళ్ళాను. మందుగా ఓకేటీ3 చేసినదీ ఇదే. మొదటి మోతాదుకు టి కణాలు లేచి సైటోకైన్లు (ఇతర కణాలను రెచ్చగొట్టే ప్రోటీన్లు) కుమ్మరించేవి, రోగికి చలిజ్వరం వచ్చేది. ఆ తర్వాత చాలా కణాలు రక్తంలోంచి పోయేవి, మిగిలినవి సీడీ3ను మింగేసి గుడ్డివి అయ్యేవి. కిడ్నీ బతికేది. ప్రశ్నార్థకం కొట్టేశాను.

జనవరి 29

ఇప్పుడు సీడీ28 అనే ఇంకో గ్రాహకం. శత్రువును గుర్తుపట్టే గ్రాహకం ఒక్కటి తడితే టి కణం పూర్తిగా లేవదు. ఎదుటి కణం మీది సీడీ80, సీడీ86 దీని సీడీ28ను కూడా తట్టాలి. రెండో కబురు రాకపోతే కణం మొద్దుబారిపోతుంది కూడా. ఈసారి కొన్ని వెల్స్‌లో పూత ఓకేటీ3కి తోడు సీడీ28 యాంటీబాడీ పోశాను. 48 గంటలకు సీడీ25 బాగా పెరిగింది. సీడీ28 యాంటీబాడీ ఒక్కటే పోసిన వెల్స్‌లో ఏమీ లేదు, ఏమీ వేయని వెల్స్‌కూ వాటికీ తేడా చెప్పలేను.

ఆ ఖాళీ గ్రాఫు చూస్తుంటే 2006 మార్చి గుర్తొచ్చింది. లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే సీడీ28 యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు, కిలోకు 0.1 మిల్లీగ్రాము. అది సీడీ3 తోడు లేకుండానే టి కణాలను లేపే రకం. గంటన్నర లోపే తలనొప్పి, వణుకు. కొన్ని గంటల్లో ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌లో. అందరూ బతికారు గానీ, మామూలుగా కాదు. కోతుల్లో ఏ ప్రమాదమూ కనిపించలేదు, ఎందుకంటే ఆ జాతి కోతుల జ్ఞాపక టి కణాల్లో ప్రధానమైన రకం మీద సీడీ28 ఉండదు. ల్యాబు పరీక్షలోనూ కనిపించలేదు, ఎందుకంటే యాంటీబాడీని కణాల ద్రవంలో ఊరికే కలిపి చూశారు. తర్వాత బ్రిటన్ పరిశోధకులు అదే యాంటీబాడీని ప్లేటుకు ఆరబెట్టి అంటించి చూస్తే కణాలు ఒక్కసారిగా లేచాయి.

ద్రవంలో పోయాలా, ప్లేటుకు అంటించాలా అన్నది ప్రోటోకాలులో ఒక్క పదం తేడా. నా పుస్తకంలో కొన్ని పేజీల్లో ఆ పదమే రాసి లేదు. ఇవాళ కూర్చుని వెల్ వెల్‌కూ రాశాను.

ఫిబ్రవరి 3

మేడమ్ ఒక గట్టి పాజిటివ్ కంట్రోల్, అంటే కణాలు తప్పక లేచే పోలిక నమూనా, అడిగారు. పీఎంఏ, అయోనోమైసిన్ అనే రసాయనాలు వేశాను. ఇవి గ్రాహకాల జోలికే పోవు. ఒకటి నేరుగా కణంలోని ప్రోటీన్ కైనేజ్ సీ అనే ఎంజైమును లేపుతుంది, రెండోది కాల్షియాన్ని లోపలికి వదులుతుంది. తలుపు తట్టకుండా కిటికీ దూకడం లాంటిది. నాలుగు గంటలకు దాదాపు ప్రతి కణం మీదా సీడీ69.

మరి సీడీ4 ఏది?

సీడీ3ను నమ్మకూడదని సీడీ4ను పట్టుకుంటే, ఇప్పుడది జారిపోయింది. కానీ ఈసారి టెక్నీషియన్ గారిని విసిగించలేదు. కైనేజ్ సీ సీడీ4 తోక మీద ఫాస్ఫేటు పెడుతుంది, దాంతో సీడీ4ను పట్టుకుని ఉన్న ఎల్‌సీకే వదిలేస్తుంది, వదిలిన సీడీ4ను కణం మింగుతుంది. సీడీ8 మీద ఆ ప్రభావం తక్కువ. పీఎంఏ వెల్స్ వరకు సీడీ8 కణాలనే లెక్కలోకి తీసుకుంటున్నాను. పద్ధతుల పేజీలో ఆ మాట ఎర్ర సిరాతో రాశాను.

ఫిబ్రవరి 10

మూడో దాత. ఈసారి మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టాను, అన్నం తిన్నాను. పూత వెల్స్, సీడీ28 తోడు ఉన్నవి, లేనివి, 0 నుంచి 72 గంటల దాకా పూర్తయ్యాయి. సీడీ69 తొందరగా ఎక్కి, 24 గంటల దగ్గర నిండుగా ఉండి, 72కు దిగుతోంది. అది దిగుతున్నప్పుడు సీడీ25 ఎక్కుతోంది. సీడీ25 అంటే, టి కణాలను పెరగమని చెప్పే ఐఎల్-2 అనే ప్రోటీన్‌ను అందుకునే గ్రాహకంలోని ఆల్ఫా గొలుసు. అది వచ్చి చేరితే గ్రాహకం ఐఎల్-2ను వంద రెట్లు బిగువుగా పట్టుకుంటుంది.

సీడీ69 పని ఏమిటో ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, అది నాకు ఒక జెండా మాత్రమే. అది ఎస్1పీ1 అనే మరో గ్రాహకాన్ని పట్టుకుని లోపలికి లాగేస్తుందట. లింఫ్ గ్రంథి నుంచి బయటికి దారి చూపేది ఆ ఎస్1పీ1. అది లేని టి కణం పని నేర్చుకునేదాకా గ్రంథిలోనే ఉండిపోతుంది. బడి గేటుకు తాళం వేసినట్టు. నేను పైకి ఎక్కిందని కొలిచినది, కిందికి లాగే పనిలో ఉంది.

మొదటి ఇద్దరు దాతల పాత ఫైళ్ళను పనికొచ్చేలా చేయలేను. మొదటి దాత ప్లేటులో సీడీ4, సీడీ8 రంగులే వేయలేదు. తమ్ముడిని మళ్ళీ 20 మిల్లీలీటర్లు అడగాలి. అరిసెలు అయిపోయాయి, వేరే ఏదైనా చూడాలి.

ఫిబ్రవరి 13

మేడమ్‌తో గంటసేపు మాట్లాడాను. గడువు మార్చి ఆఖరుకు జరిగింది. పట్టికలో ఇంకో గ్రాహకం చేర్చమన్నారు: సీటీఎల్‌ఏ-4. సీడీ28కు పోటీదారు, అవే సీడీ80, సీడీ86లను ఇంకా గట్టిగా పట్టుకుని కణాన్ని ఆపుతుంది. దీని పట్టు విడిపించి క్యాన్సర్‌కు చికిత్స చూపించినందుకే జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది, టి కణాన్ని ఆపే మరో గ్రాహకం పీడీ-1ను కనుగొన్న తసుకు హోంజోతో కలిపి.

చిక్కేమిటంటే, సీటీఎల్‌ఏ-4 ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది. పైకి వస్తుంది, ఎదుటి కణం మీది సీడీ86ను కూడా పీక్కుని లోపలికి పోతుంది, మళ్ళీ వస్తుంది. మంచు మీద రంగు వేస్తే ఆ క్షణంలో పైన ఉన్న నాలుగు మాత్రమే కనిపిస్తాయి. దీన్ని 37 డిగ్రీల దగ్గర, కణం బతికి తిరుగుతుండగా, రంగు యాంటీబాడీని కణాలు పెరిగే ద్రవంలోనే కలిపి పట్టుకోవాలి. పైకి వచ్చినప్పుడల్లా కొంత రంగు మోసుకుని లోపలికి వెళ్తుంది. రెండు గంటలు చాలని అక్క అంటోంది, నేను అరగంట, గంట, రెండు, నాలుగు పెట్టి చూస్తాను.

ప్లేటుకు పూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మూత మీద రాశాను: "ఓకేటీ3, అంటించినది. చూసేది సీడీ3తో కాదు." రేపు ఉదయం తొమ్మిదికి తమ్ముడు వస్తానన్నాడు.